పదికి పది వచ్చిన షూ మన కోర్టులో పాసవుతుందా?

బాస్కెట్‌బాల్ షూ కొనాలనుకున్న ప్రతివాడూ ముందు చేసే పని ఒకటే. ఫోన్ తీసి ఒక రివ్యూ చూస్తాడు. అందులో ఓ పెద్దమనిషి అద్దంలా మెరిసే చెక్క కోర్టు మీద కీచు కీచుమంటూ నాలుగు రౌండ్లు తిరిగి, గ్రిప్పుకి పదికి పది, కుషనింగ్‌కి తొమ్మిది అని మార్కులు వేసేస్తాడు. మనం ఆ మార్కులు చూసి, ఇంట్లో నాలుగు రోజులు బతిమాలి, ఆరేడు వేలు పోసి అదే జత తెప్పించుకుంటాం. వారం తిరక్కుండానే మన సిమెంటు కోర్టు మీద ఆ షూ సర్రున జారుతుంది.

మరి రివ్యూ చేసినవాడు అబద్ధం చెప్పాడా? చాలాసార్లు చెప్పడు. ఆ మార్కు షూ ఒక్కదానిదే అని మనం అనుకోవడం దగ్గరే తేడా వస్తుంది. ఆ షూ, ఆ చెక్క నేల, అతని బరువు, అతని పాదం, అతని ఆట. ఈ ఐదూ కలిసి తెచ్చుకున్న ఉమ్మడి మార్కు అది. అందులో నాలుగు మారిపోయాక కూడా ఫలితం అలాగే ఉంటుందని ల్యాబ్ రికార్డులో రాస్తే మేడమ్ ఆ పేజీ మీద ఎర్ర గీత కొట్టి పంపిస్తారు. షూ విషయంలో మాత్రం అందరం అదే నమ్ముతున్నాం.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఇక్కడ పణంగా పెడుతున్నది చీలమండ, మోకాలు. ఒక బెణుకు చాలు, సెమిస్టర్‌లో సగం ఆట పోవడానికి. అందుకని ఒక షూ కోర్టులో ఎలా పనిచేస్తుందో మన కోర్టు మీద, మన బరువుతో, మనమే కొలుచుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం. కావలసినవి పెద్దగా ఏమీ లేవు. లగేజీ తూచే చిన్న త్రాసు, స్లో మోషన్ ఉన్న ఒక ఫోన్, వర్క్‌షాప్‌లో మనం పట్టుకునే వెర్నియర్, సుద్దముక్క, ఓపికున్న ఇద్దరు ముగ్గురు స్నేహితులు.

కోర్టు షూని ఏమడుగుతుంది?

రన్నింగ్ షూకి బతుకు తేలిక. ముందుకి తప్ప ఎటూ పోనక్కర్లేదు. బాస్కెట్‌బాల్ అలా కాదు. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టులో పరిగెత్తాలి, ఉన్నపళంగా ఆగాలి, పక్కకి జరగాలి, ఒంటికాలి మీద గిర్రున తిరగాలి, ఎగరాలి. ఒక్కోసారి దిగేటప్పుడు కింద నేల బదులు ఎవడిదో పాదం ఉంటుంది. మెత్తగా, ఎత్తుగా ఉన్న రన్నింగ్ షూ వేసుకుని కోర్టులో పక్కకి కోసినప్పుడు కాలు ఒరిగినట్టు అనిపించేది ఇందుకే. ఆ షూని పక్కవాటు బలం కోసం తయారుచెయ్యలేదు.

కాబట్టి మనం ఐదు ప్రశ్నలు వేసుకోవాలి. నేలను పట్టుకుంటోందా? దిగేటప్పటి దెబ్బను తగ్గిస్తోందా? పాదాన్ని లోపల కదలకుండా పట్టి ఉంచుతోందా? పక్కకి ఒరిగిపోకుండా నిలబెడుతోందా? ఈ గుణాలన్నీ ఎన్నాళ్ళు ఉంటాయి?

గ్రిప్పు: షూది సగం, నేలది సగం

ముందు గ్రిప్పు గురించే ఎందుకంటే, ఆట మీద దాని ప్రభావమే ఎక్కువ. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు బాస్కెట్‌బాల్ షూలలో బరువు, గ్రిప్పు, ముందుభాగం బిగువు అనే మూడింటిని ఒక్కొక్కటిగా మార్చి, ఆటగాళ్ళ చేత పరుగు, ఎగురుడు, దిశ మార్చే కదలికలు చేయించి చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపింది గ్రిప్పే. బరువు తగ్గించడం వల్ల ఏ కదలికలోనూ మెరుగు కనబడలేదు.

ఎందుకలా? ఫస్టియర్ మెకానిక్స్ గుర్తు చేసుకుందాం. నిటారుగా నిలబడితే నేల మీద మన బలమంతా కిందికే. ఆగాలన్నా, పక్కకి కొయ్యాలన్నా కాలిని వాల్చి తన్నాలి. అప్పుడు అడ్డంగా పడే బలాన్ని నిలువుగా పడే బలంతో భాగిస్తే, కాలు నిలువు గీత నుంచి ఎంత కోణంలో వాలిందో దాని టాన్ విలువ వస్తుంది. 30 డిగ్రీలు వాలితే 0.58. 40 డిగ్రీలకి 0.84. 45 డిగ్రీలకి సరిగ్గా 1. షూకీ నేలకీ మధ్య ఘర్షణ గుణకం, అంటే మన మ్యూ, ఆ విలువకన్నా తక్కువుంటే కాలు జారినట్టే.

దుమ్ము పట్టిన కోర్టు మీద మన ఒంటికి ఈ లెక్క తెలియకుండానే తెలిసిపోతుంది. రెండుసార్లు జారాక శరీరం జాగ్రత్తపడి, ఇక అంతగా వాలదు. తక్కువ వాలితే తక్కువ తన్నుతాం, డిఫెన్స్‌లో అరడుగు వెనకబడతాం. "ఇవాళ కాళ్ళు బరువుగా ఉన్నాయిరా" అనుకుంటాం గానీ నిజానికి తగ్గింది మ్యూ.

ఇక రబ్బరు సంగతి. ఘర్షణ తాకే వైశాల్యం మీద ఆధారపడదని మనం చదువుకున్నాం. రబ్బరు ఆ సూత్రాన్ని పూర్తిగా పాటించదు. దాని పట్టు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి అంటుకోవడం: నున్నటి నేల మీద మెత్తటి రబ్బరు ఎంత ఎక్కువగా ఆనితే అంత పట్టు. రెండోది నలగడం: గరుకు నేల మీది చిన్న చిన్న గుట్టల చుట్టూ రబ్బరు నొక్కుకుని, మళ్ళీ లేచేటప్పుడు కొంత శక్తి పోగొట్టుకుంటుంది. ఆ నష్టమే మనకి పట్టుగా పనికొస్తుంది.

చెక్క కోర్టు మీద మొదటి రకానిదే పెత్తనం. అందుకే సన్నటి గీతలున్న మెత్తటి సోలు అక్కడ రాజు. కానీ మధ్యలోకి దుమ్ము వచ్చిందా, రబ్బరు నేలను ఆనదు, దుమ్మును ఆనుతుంది. సిమెంటు మీద రెండో రకం పట్టు బాగానే దొరుకుతుంది. అయితే అదే గరుకుతనం మెత్తటి రబ్బరును ఆకురాయిలా అరగదీస్తుంది. బయట కోర్టులో ఆడేవాళ్ళకి కాస్త గట్టి రబ్బరు, లోతుగా, వెడల్పుగా ఉన్న గాళ్ళు మంచివి. చేప ముళ్ళలా వంకర గీతలుండే సోలు ఇన్నేళ్ళుగా ఎందుకు నిలిచిందంటే, దాని అంచులు అన్ని దిక్కులకీ అడ్డుపడతాయి, దుమ్ము పోవడానికి దారీ ఉంటుంది. రంగు వేసిన గీతల మీద మాత్రం జాగ్రత్త. పెయింటు సిమెంటు గరుకుతనాన్ని పూడ్చేస్తుంది. తడిసిందంటే ఇక చెప్పక్కర్లేదు.

కొలవడం ఇలా. షూలో 5 కిలోల బరువు పెట్టండి. త్రాసు కొక్కేన్ని షూకి వీలైనంత కిందగా తగిలించి, నేలకి సమాంతరంగా మెల్లగా లాగండి. కదలడం మొదలైన క్షణం రీడింగ్ చూడండి. షూతో కలిపి మొత్తం 5.4 కిలోలు, రీడింగ్ 4.3 కిలోలు అనుకుంటే మ్యూ దాదాపు 0.8. దీన్ని కోర్టు మధ్యలో, బాస్కెట్ కింద, రంగు గీత మీద, ఒక్కోచోట ఐదేసిసార్లు చెయ్యండి. తర్వాత సోలు తడిగుడ్డతో తుడిచి, ఆరాక మళ్ళీ చెయ్యండి. తుడిచినప్పటికీ తుడవనప్పటికీ ఎంత తేడా వచ్చిందన్నదే ఇందులో అసలు సమాచారం. రెండు షూలకి శుభ్రంగా ఉన్నప్పుడు ఒకే విలువ రావచ్చు, దుమ్ములో ఒకటి పూర్తిగా పడిపోవచ్చు. మనం ఆడేది దుమ్ములోనే కదా.

ఒక హెచ్చరిక. ఆటలో కాలి మీద పడే బరువు ఈ 5 కిలోలకి ఎన్నో రెట్లు. ఒత్తిడి పెరిగేకొద్దీ రబ్బరు గుణకం కొంత తగ్గుతుంది. కాబట్టి ఆ 0.8ని ఆటలో వచ్చే విలువగా తీసుకోకండి. రెండు షూలని పోల్చడానికి మాత్రమే వాడండి.

ఆ తర్వాత కాలికి తొడుక్కుని చూడాలి. బేస్‌లైన్ నుంచి ఫ్రీ త్రో గీతకి 5.8 మీటర్లు. అక్కడిదాకా పరిగెత్తి రెండు కాళ్ళ మీద టక్కున ఆగండి. ఫోన్ నేలకి దగ్గరగా పెట్టి స్లో మోషన్‌లో తీస్తే, పాదం ఆనాక ఎన్ని సెంటీమీటర్లు జారిందో సుద్దగీతల సాయంతో తెలిసిపోతుంది. చెక్క మీద వచ్చే ఆ కీచు శబ్దం సిమెంటు మీద రాదు. రాలేదని గ్రిప్పు లేదనుకోకండి.

గ్రిప్పు ఎక్కువైనా ప్రమాదమే. ముందరి పాదం మీద బరువు పెట్టి పివట్ తిరిగి చూడండి. నడుము తిరిగిపోయి పాదం మాత్రం నేలకి అతుక్కుని ఉండిపోతుంటే, ఆ మెలి అంతా పడేది మోకాలి మీదే.

కుషనింగ్: స్ప్రింగు కథలు, అసలు లెక్కలు

షూ ప్రకటనల్లో ఎక్కువ కవిత్వం ఉండేది ఇక్కడే. మేఘాల మీద నడక, రాకెట్ శక్తి, ఇంకా ఏవేవో. కొంత చరిత్ర నిజంగానే ఆకాశం నుంచి దిగింది. విమాన, అంతరిక్ష రంగంలో పనిచేసిన మారియన్ ఫ్రాంక్ రూడీ అనే ఇంజినీరు గాలి సంచుల ఆలోచనని నైకీకి ఇస్తే, 1979లో టెయిల్‌విండ్ అనే రన్నింగ్ షూ వచ్చింది. 2013లో అడిడాస్, రసాయనాల కంపెనీ బీఏఎస్ఎఫ్‌తో కలిసి టీపీయూ గింజలని ఉబ్బించి అతికించిన బూస్ట్ ఫోమ్ తెచ్చింది. మనం కొనే మధ్యరకం షూలలో ఎక్కువగా ఉండేది మాత్రం ఈవీఏ ఫోమే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి అర మీటరు ఎత్తు ఎగిరి దిగాడు. అతనిలో ఉన్న శక్తి దాదాపు 343 జౌళ్ళు. దిగేటప్పుడు మోకాళ్ళు, తుంటి వంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఆగితే, కాళ్ళ మీద సగటు బలం శరీర బరువుకి రెండుంపావు రెట్లు. కాళ్ళు బిగబెట్టి 10 సెంటీమీటర్లలోనే ఆగితే ఆరు రెట్లు. అంటే అన్నిటికన్నా పెద్ద కుషన్ మన మోకాలి వంపే.

మరి ఫోమ్ ఎంత చేస్తుంది? గరిష్ఠంగా 2000 న్యూటన్ల బలానికి ఒక సెంటీమీటరు నలిగిందనుకుందాం. అందులో చేరే శక్తి సుమారు 10 జౌళ్ళు. అందులో 70 శాతం తిరిగిచ్చినా 7 జౌళ్ళు. అది మొత్తం సరైన క్షణంలో మనకే ఉపయోగపడినా, 70 కిలోల మనిషిని ఒక్క సెంటీమీటరు పైకి లేపుతుంది. రిమ్ముకి అరడుగు దూరంలో ఉన్నవాడిని ఏ ఫోమూ రిమ్ము దాకా తీసుకెళ్ళదు. 2010లో ఏపీఎల్ అనే కంపెనీ స్ప్రింగు లాంటి అమరికతో ఒక షూ తెస్తే, అనుచితమైన లాభం అంటూ ఎన్‌బీఏ దాన్ని నిషేధించింది. అంతకు మించిన ప్రచారం ఆ కంపెనీకి ఇంకెవరూ చేసిపెట్టలేరు.

అలాగని ఫోమ్ వృథా అనుకోకూడదు. పాదం ఆనిన తొలి క్షణంలో, అంటే సెకనులో వందోవంతుల లెక్కలో, బలం ఒక్కసారిగా పైకి లేస్తుంది. మోకాలు వంగడం అందుకునేలోపు ఆ పదునుని తగ్గించేది ఫోమే. మడమ నొప్పి, అరికాలి మంట, మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు పళ్ళు బిగపట్టడం, వీటిలో దాని పాత్ర కనిపిస్తుంది. సిమెంటు మీద వారానికి ఐదు రోజులు ఆడేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

షాపులో బొటనవేలితో సోలు నొక్కి "మెత్తగా ఉందన్నా" అనడం వల్ల ఏమీ తెలియదు. బొటనవేలి బలం అయిదో పదో కిలోలు. దిగేటప్పుడు పడేది నూట యాభై, రెండొందల కిలోల పైమాటే. వేలికి మెత్తగా తగిలిన ఫోమ్ ఆ బరువుకి పూర్తిగా నలిగిపోయి, కింద రాయి తగిలినట్టు అనిపించవచ్చు. వేలికి గట్టిగా అనిపించింది ఆ బరువుకి సరిగ్గా పనిచెయ్యవచ్చు. 95 కిలోల రివ్యూయర్ మెచ్చిన షూ 58 కిలోల మన పాయింట్ గార్డుకి చెక్కలా తగిలేది అందుకే.

పరీక్ష తేలికే. 30 సెంటీమీటర్ల మెట్టు మీంచి పదిసార్లు దిగండి. మడమ దగ్గర ఠక్కుమని తగులుతోందా గమనించండి. తర్వాత రెండు గంటల ఆటయ్యాక ఒకసారి, మర్నాడు నిద్రలేచాక ఒకసారి, మడమకీ ముందరి పాదానికీ మోకాలికీ సున్నా నుంచి పది దాకా నొప్పి మార్కు రాసుకోండి. షాపులో రెండు నిమిషాల నడకకన్నా ఈ మర్నాటి మార్కుకి విలువెక్కువ.

పట్టు, నిలకడ: పాదం ఒకవైపు, షూ ఇంకోవైపు పోతే

2019 ఫిబ్రవరి 20న అమెరికాలో డ్యూక్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల మ్యాచ్ మొదలై నిమిషం కూడా కాలేదు. దాదాపు 129 కిలోల బరువున్న జయాన్ విలియమ్సన్ దిశ మార్చబోతూ కాలు గట్టిగా నొక్కాడు. నైకీ షూ పక్కన చీలిపోయి పాదం బయటికొచ్చేసింది. అతని మోకాలు బెణికింది. నేల పట్టుకుంది, పాదం కదిలింది, మధ్యలో ఉన్న గుడ్డ ఆ బలాన్ని మొయ్యలేకపోయింది. మన షూలు అంత నాటకీయంగా చీలకపోయినా, చిన్న మోతాదులో అదే జరుగుతుంటుంది. కట్ చేసినప్పుడు పాదం సోలు అంచు దాటి పక్కకి పొర్లుతుంది.

ఫోన్ వెనక వైపు పెట్టి, గట్టిగా పక్కకి కోసి ఆగే కదలికని స్లో మోషన్‌లో తియ్యండి. పాదం షూ గోడని తోసుకుని బయటికి ఉబ్బుతోందా? మడమ పైకి లేస్తోందా? లోపలి అట్ట జరిగిపోతోందా? మేజోడు మీద, షూ అంచు మీద ఒకే చోట పెన్నుతో గీత పెట్టుకుంటే, పది నిమిషాల ఆట తర్వాత రెండు గీతలు ఎంత దూరమయ్యాయో కనిపిస్తుంది. మడమ లేస్తుంటే చివరి కన్నంలోంచి లేసుని చిన్న ఉచ్చులా తిప్పి బిగించి మళ్ళీ చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి. అందుకే సాయంత్రం పూట, ఆటకి వాడే మందపాటి మేజోళ్ళతోనే వేసుకుని చూడాలి. ముందరి పాదం వెడల్పుగా ఉన్నవాళ్ళు పొడవు పెంచి సరిపెట్టుకోవడం చేస్తుంటారు. అప్పుడు వేళ్ళకి సుఖం, మడమకి వదులు.

నిలకడ అంటే సోలు వెడల్పు, ఎత్తు మధ్య బేరం. కింద సోలు పాదం కన్నా కాస్త బయటికి పరుచుకుని ఉంటే ఒరగదు. మడమ ఎంత ఎత్తున ఉంటే, పక్క అంచు మీద దిగినప్పుడు చీలమండని తిప్పేసే బలం అంత పెరుగుతుంది.

"అన్నా, చీలమండకి హై టాప్ మంచిదా, లో టాప్ మంచిదా?" జూనియర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. 1993లో వెలువడిన ఒక పరిశోధనలో 622 మంది అమెరికా కాలేజీ ఆటగాళ్ళకి చీటీ తీసినట్టు హై టాప్, లో టాప్, గాలి గదులున్న హై టాప్ షూలు పంచి ఒక సీజన్ చూశారు. బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2001లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, ఆస్ట్రేలియాలో ఆటగాళ్ళు 10,393 సార్లు కోర్టులో దిగిన లెక్కలు తీశారు. చీలమండ గాయాల్లో దాదాపు సగం ఎగిరి దిగేటప్పుడే. అంతకుముందు ఒకసారి బెణికినవాళ్ళకి మళ్ళీ బెణికే అవకాశం దాదాపు ఐదు రెట్లు. మడమలో గాలి గదులున్న షూ వేసుకున్నవాళ్ళలో 4.3 రెట్లు. ఆటకి ముందు ఒళ్ళు సాగదీయనివాళ్ళలో 2.6 రెట్లు. గాలి గదులే కారణమని ఇందులో తేలిపోలేదు, సంబంధం మాత్రం కనిపించింది. మన దృష్టిలో ఉండాల్సింది ఇంకోటి. కాలరు ఎత్తు మీద వాదించుకునే సమయంలో పది నిమిషాలు వార్మప్ చేస్తే, షూ ఖర్చు లేకుండానే కొంత రక్షణ దొరుకుతుంది. కోబీ బ్రయంట్ తన నాలుగో నైకీ షూని ఫుట్‌బాల్ బూట్ల స్ఫూర్తితో లో టాప్‌గా చేయించుకున్నది కూడా తోచక కాదు.

మనసు వేసే దొంగ మార్కులు

కొత్త షూ వేసుకున్న రోజు అందరం బాగానే ఎగురుతాం. ఇది షూ గొప్పతనమా, మన ఉత్సాహమా? కాల్గరీ పరిశోధకులే 2016లో దీన్ని పట్టుకున్నారు. 352, 510, 637 గ్రాముల బరువున్న షూలతో 22 మందిని పరీక్షించారు. సగం మందికి బరువుల్లో తేడా ఉందని తెలుసు, మిగతా సగానికి తెలియదు. తెలిసినవాళ్ళు తేలిక షూలో, బరువు షూకన్నా దాదాపు 2 శాతం మెరుగ్గా ఎగిరారు, కదిలారు. తెలియనివాళ్ళలో ఏ తేడా లేదు. దాదాపు 300 గ్రాముల తేడాని శరీరం పట్టించుకోలేదు, మనసు పట్టించుకుంది!

కాబట్టి మన పరీక్షలో మనసుకి వీలైనంత తక్కువ తెలియాలి. షూ లోగో మీద నల్ల టేపు అంటించండి. ధర చెప్పకండి. ఆడేవాడు, కొలిచేవాడు వేరువేరుగా ఉండాలి. రెండు షూలు పోలుస్తుంటే మొదటిది, రెండోది, రెండోది, మొదటిది అనే వరసలో చెయ్యండి. అప్పుడు అలసట రెండిటికీ సమానంగా పంచుకుంటుంది. మొదటి షూ అన్నీ అయ్యాక రెండోది మొదలుపెడితే, మీరు కొలిచేది షూని కాదు, మీ ఊపిరిని.

వేగానికి టీ డ్రిల్ పెట్టుకోవచ్చు. 9.14 మీటర్లు ముందుకి పరుగు, 4.57 మీటర్లు ఎడమకి పక్కవాటుగా, అక్కణ్ణుంచి 9.14 మీటర్లు కుడికి, మళ్ళీ 4.57 ఎడమకి, చివరికి వెనక్కి పరుగు. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌ని నమ్మొద్దు. వేలి ఆలస్యమే సెకనులో ఐదో వంతు దాకా ఉంటుంది, షూల మధ్య తేడా అంతకన్నా చిన్నది కావచ్చు. వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి. సెకనుకి 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 0.017 సెకన్లు. ఒకే షూతో చేసిన నాలుగు పరుగుల్లోనే 0.3 సెకన్ల తేడా వస్తుంటే, రెండు షూల మధ్య 0.1 సెకను తేడాని చూసి సంబరపడటానికి ఏమీ లేదు. ఆ తేడా షూది అని చెప్పలేం.

అరుగుదల: మూడో నెల రివ్యూ

రివ్యూలు ఎక్కువగా కొత్త షూకే వస్తాయి. మనం వేసుకునేది మాత్రం మూడో నెల షూని, ఆరో నెల షూని. వెర్నియర్ తోక సోలు గాడిలోకి దించి, బొటనవేలి కింద, మడమ బయటి అంచు దగ్గర, రెండుచోట్లా లోతు రాసుకోండి. ప్రతి పది గంటల ఆటకీ ఒకసారి చాలు. 3 మిల్లీమీటర్ల గాడి ముప్పై గంటల్లో 2.4కి వచ్చిందంటే, అదే వేగంతో 150 గంటల దగ్గర నున్నబడుతుంది. వారానికి ఆరు గంటలాడితే ఆర్నెల్లు. ఇప్పుడు ధరని గంటలతో భాగించండి. 150 గంటలకి 6,000 రూపాయలు అంటే గంటకి 40. 300 గంటలొచ్చే 7,500 రూపాయల జత గంటకి 25. చౌక ఏదో మీరే చెప్పండి.

ఫోమ్ కూడా అలసిపోతుంది. ఈవీఏ పదే పదే నలిగితే మందం కొంత కోల్పోయి గట్టిపడుతుంది. పక్కనుంచి చూస్తే గోడ మీద అడ్డంగా ముడతలు పడి ఉంటాయి. పైకి షూ కొత్తగానే ఉన్నా మర్నాటి నొప్పి మార్కు పెరుగుతుంటే ఫోమ్ పని అయిపోయిందని అర్థం.

సీజీపీఏ వద్దు, బ్యాక్‌లాగ్ చూడండి

అన్నీ కొలిచాక సగటు తీసి 8.4 అని రాసుకోవాలనిపిస్తుంది. తీయకండి. మనకి బాగా తెలిసిన లెక్కే చెప్తాను. అన్ని సబ్జెక్టుల్లో తొంభైలొచ్చి ఒక్క సబ్జెక్టు పోయినా, బ్యాక్‌లాగ్ బ్యాక్‌లాగే. షూ కూడా అంతే. కుషనింగ్‌లో పదికి పది వచ్చినా, మన దుమ్ములో జారేది ఫెయిల్. గ్రిప్పు అద్భుతంగా ఉన్నా, లోపల పాదం పొర్లేది ఫెయిల్. ముందు గ్రిప్పు, పట్టు, నిలకడ ఈ మూడింటిలో పాసైనవాటినే పక్కన పెట్టండి. వాటి మధ్య ఎంపికకి మీ ఆట చూసుకోండి. రోజంతా కట్ చేసి పరిగెత్తే గార్డుకి నేలకి దగ్గరగా ఉండే సన్నటి సోలు నచ్చవచ్చు. రిమ్ము కింద వందసార్లు ఎగిరి దిగే బరువైన సెంటర్‌కి మందపాటి, వెడల్పాటి సోలు కావాలి. ఒకే షూ ఇద్దరికీ మంచిదని చెప్పేవాడు ఆ ఇద్దరిలో ఎవరి ఆటా చూడలేదన్నమాట.

ఈ పరీక్షలన్నిటికీ కొత్త జతలు కొనాల్సిన పనిలేదు. జట్టులో పది మందికి పది రకాల షూలుంటాయి, ఒకే సైజు వాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. రెండు సాయంత్రాలు కూర్చుని ఆ రీడింగులన్నీ ఒక షీటులో పెడితే, మన కోర్టుకి మనదైన రివ్యూ తయారవుతుంది. షూ పేరు, ఆడినవాడి బరువు, నేల స్థితి, తుడిచినప్పటి మ్యూ, దుమ్ములో మ్యూ, మర్నాటి నొప్పి, గాడి లోతు. వచ్చే ఏడాది చేరే జూనియర్లకి అంతకన్నా మంచి కానుక ఉండదు.

చివరిగా ఒక మాట. గ్రిప్పు షూది సగం, నేలది సగం అనుకున్నాం. షూ సగానికి ఆరువేలు పెడుతున్నాం. నేల సగానికి ఏం పెడుతున్నాం? ఆటకి ముందు ఇద్దరు చెరోవైపు నుంచి కోర్టు ఊడ్చి, అదే త్రాసుతో మళ్ళీ ఒకసారి లాగి చూడండి. కొత్త షూ కొనాలా వద్దా అన్నది ఆ రీడింగు చూశాక నిర్ణయించుకోవచ్చు.